అర మాత్ర

ఎడమచేతి బొటనవేలు ఆల్ట్ కీ మీద నొక్కి ఉంది. కుడిచేతి చూపుడువేలు కీబోర్డు కుడిచివరి అంకెల వరసలో సున్నా, ఒకటి, ఎనిమిది, తొమ్మిది కొట్టింది. బొటనవేలు లేపగానే తెర మీది గడిలో ½ వచ్చి కూర్చుంది. ఆయన దాన్ని కళ్ళద్దాల పైనుంచి ఒకసారి, కళ్ళద్దాల్లోంచి ఒకసారి చూసి, అది అరేనని నమ్మకం కుదిరాక కింది గడిలోకి దిగాడు.

ఆ ఉదయానికి అది ఏడో కాగితం. పక్కన ట్రేలో ఇంకా పదకొండున్నాయి.

ఆసుపత్రి రెండో అంతస్తులో, ఎక్స్‌రే గదికీ మెట్లకీ మధ్య ఇరుక్కున్నట్టుండే ఆ గదిలో ముప్ఫై మూడేళ్ళుగా ఆయనది ఒకటే పని. నయమై ఇంటికి వెళ్ళేవాళ్ళు ఏ మాత్ర పూటకి ఎన్ని వేసుకోవాలో డాక్టర్లు రాసిన గీతల్లోంచి ఏరి, గడులు గీసిన కాగితం మీదకి ఎక్కించడం. మొదటి పద్నాలుగేళ్ళు టైపు మిషను మీద, తర్వాత కంప్యూటరు మీద. టైపు మిషనుకి అరకో మీట, పావుకో మీట ఉండేవి. కంప్యూటరు కీబోర్డు మీద వాటికి చోటు లేకపోయింది. లోపలెక్కడో ఉన్నాయి, కానీ నంబరు తెలిసినవాడికే పలుకుతాయి. అరకి 0189, పావుకి 0188, ముప్పావుకి 0190, జ్వరం డిగ్రీల మీద పెట్టే చిన్న సున్నాకి 0176. ఇంట్లో ఉన్న అక్కయ్య ఫోను నంబరు అడిగితే జేబులోంచి చీటీ తీస్తాడు గానీ, ఇవి నిద్రలో లేపి అడిగినా తడుముకోడు.

ఆసుపత్రిలో అందరికీ ఆయన ముప్పావు గారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. మనిషి అయిదడుగులకు రెండంగుళాలు తక్కువ. గుండ్రటి బట్టతల, చెవుల్లోంచి పొడుచుకొచ్చిన రెండు తెల్ల కుచ్చులు, పొట్ట దగ్గర బొత్తాం ఎప్పుడు తెగుదామా అని చూస్తున్నట్టుండే పొట్టిచేతుల చొక్కా. చేరిన కొత్తలో ఒక కాంపౌండరు ఆయన్ని ఎగాదిగా చూసి, "మనిషి పూర్తిగా రాలేదురా, ముప్పావే వచ్చాడు" అన్నాడు. ఆ కాంపౌండరు రిటైరై ఎటో వెళ్ళిపోయాడు, మాట మాత్రం ఇక్కడే ఉండిపోయింది. మొదట్లో చురుక్కుమనేది. తర్వాత తర్వాత ఆయనే ఫోనెత్తి, "ఆఁ, ముప్పావుని మాట్లాడుతున్నా, చెప్పండి" అనే దాకా వచ్చాడు.

గదిలో రెండో బల్ల హలో మేడంది. కింది అంతస్తులో పదిహేనేళ్ళు రిసెప్షన్‌లో ఫోన్లెత్తి, గొంతు పాడై, రెణ్ణెల్ల క్రితం ఈ గదికి మారింది. ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్ళతో కూడా ముందు "హలో" అననిదే మాట మొదలుపెట్టదు కాబట్టి ఆ పేరు. వేళ్ళు చురుకు, మనసు మంచిది, తొందర మాత్రం కాస్త ఎక్కువ.

పదిగంటలకి కంప్యూటర్లు చూసే అతను అట్టపెట్టె మోసుకొచ్చి ఆవిడ బల్ల మీద కొత్త కీబోర్డు పెట్టాడు. నల్లగా, సన్నగా, ముద్దుగా ఉంది. కుడిచివర ఉండాల్సిన అంకెల వరసలు లేవు.

"ఆ ముక్క ఏదయ్యా?" అన్నాడు ఆయన కుర్చీలోంచి వంగి చూసి.

"ఇప్పుడన్నీ ఇలాగే వస్తున్నాయి సార్. బల్ల మీద జాగా కలిసొస్తుంది. పైన అంకెలున్నాయిగా."

"పై అంకెలతో ఆల్ట్ పలకదు."

"దేనికి పలకాలి సార్?" అని అతను నవ్వి, పాత కీబోర్డుని చంకలో పెట్టుకున్నాడు. "మీది సోమవారం మారుస్తా."

అతను వెళ్ళాక హలో మేడం ఇటు తిరిగింది. "హలో సార్, మరి మీరు నేర్పినా దీని మీద నాకు అర పడదా?"

"నాకివ్వండి. నేను కొడతాను."

"పోనీ 'అర' అని అక్షరాలు కొట్టేస్తే?"

"ఆ గడి అక్షరాలు తీసుకోదు మేడం. మూడు గుర్తులు పడతాయి, అంతే."

"సున్నా పాయింటు ఐదు?"

"మన ప్రింటరులో చుక్క ఓసారి పడుతుంది, ఓసారి పడదు. పడకపోతే ఐదు మాత్రలు మింగుతారు. అర వచ్చిన కాగితం నా ట్రేలో పడెయ్యండి, సరిపోతుంది."

ఇది కొత్త కాదు. ఆ రెండో బల్ల దగ్గరికి ఇన్నేళ్ళలో ఆరుగురు వచ్చారు, ఆరుగురు వెళ్ళారు. అరలు, పావులు అందరివీ ఆయన ట్రేలోకే వచ్చేవి. నేర్పమని అడిగితే "చూద్దాం లెండి" అనేవాడు. విద్య దాచుకుంటున్నాడని కొందరు, తను లేకపోతే పని ఆగిపోవాలని ఆయనకి సరదా అని కొందరు చెప్పుకున్నారు.

పదకొండు దాటాక ఒక కాగితం దగ్గర ఆగిపోయాడు. మాత్ర పేరు చివర డాక్టరు గీసింది ఇరవై ఐదో, డెబ్భై ఐదో తేలలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు, తిరగేసి వెనకనుంచి చూశాడు. ఇలాంటివి ఫోనులో అడిగితే డాక్టర్లు విసుక్కుంటారు, విసుగులో ఏదో ఒకటి చెప్పేస్తారు. అందుకని ఆయన ఎప్పుడూ మనిషి దగ్గరికే వెళ్తాడు. లిఫ్టు కోసం చూడకుండా నాలుగో అంతస్తుకి మెట్లెక్కాడు. డాక్టరు రోగుల దగ్గర ఉన్నాడు. తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పదిహేను నిమిషాల తర్వాత డాక్టరు కాగితం చూసి, "ఇరవై ఐదండీ. కనపడట్లేదా?" అన్నాడు. "ఇప్పుడు కనపడింది సార్" అని ఆయన దిగి వచ్చాడు.

గదిలోకి వచ్చేసరికి హలో మేడం హుషారుగా ఉంది. "హలో సార్, మీరు లేనప్పుడు వార్డు నుంచి మూడు ఫోన్లు. ఎవరో ముసలాయన, బస్సు తప్పిపోతుందని కూతురు ఒకటే గొడవ. నేనే కొట్టి పంపించేశాను."

ఆయన కుర్చీలో కూర్చుంటూ, తలాడిస్తూ, ఫైలు కోసం ఉంచిన నకలు చేతిలోకి తీసుకున్నాడు. ఐదు మాత్రలు. నాలుగు బాగానే ఉన్నాయి. ఐదోది గుండె వేగం తగ్గించేది. ఉదయం గడిలో 1/2 అని ఉంది.

ఆయన ముఖంలో రంగు మారడం ఆవిడ చూసింది.

"ఏమైంది సార్? అరే కదా? బడిలో మనమంతా అలాగే రాశాంగా?"

"వెళ్ళి ఎంతసేపయింది?"

"పది నిమిషాలు... పావుగంట. సార్, ఏమైందసలు?"

ఆయన వార్డుకి ఫోను చేశాడు. మంచం ఖాళీ చేశారన్నారు. కాగితం మీదున్న నంబరుకి చేశాడు. ఫోను ఆపేసి ఉంది. నకలు మడిచి జేబులో పెట్టుకుని, కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు కలుక్కుమంది. మందుల కిటికీ దగ్గర వరసలో ఎవరూ ముసలాళ్ళు లేరు. గేటు దగ్గర కాపలా మనిషి, "సంచీ పట్టుకుని ఓ పెద్దాయనా, ఓ ఆవిడా? బస్టాపు వైపు వెళ్ళారు ముప్పావు గారూ. మీరేంటి, పరిగెడుతున్నారు?" అన్నాడు. ఆయన పరిగెడుతున్నట్టు ఆయనకప్పుడే తెలిసింది. ముప్ఫై మూడేళ్ళలో ఆ గేటు దగ్గర ఆయన పరిగెత్తగా చూసినవాళ్ళు లేరు. రోడ్డు దాటుతుంటే ఆటో అతను ఏదో తిట్టాడు. చొక్కా బొత్తాం ఇవాళ తెగనే తెగింది.

బస్టాపులో సిమెంటు బల్ల మీద సన్నగా, పొడుగ్గా, గడ్డం మాసిన పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో సంచీ. పక్కన నలభై ఏళ్ళ కూతురు, నీళ్ళ సీసా మూత తిప్పుతోంది. ఆమె రెండో అరచేతిలో రెండు చిన్న తెల్ల మాత్రలు ఉన్నాయి.

"అమ్మా, ఆగు" అన్నాడు ఆయన. "ఆగమ్మా. ఆసుపత్రి నుంచే వస్తున్నా. అవి వెయ్యకు."

ఆమె భయపడి చెయ్యి ముడిచింది. "ఎందుకూ? పొద్దుటిది వెయ్యలేదుగా, బస్సెక్కేముందు వేద్దామని..."

"కాగితంలో ఎన్ని వెయ్యమని ఉంది?"

"ఒకటో రెండో అని ఉంది." ఆమె సంచీలోంచి కాగితం తీసి వేలు పెట్టి చూపించింది. "ఇదిగో, ఒకటి గీత రెండు. ఎండలో ఊరిదాకా వెళ్ళాలి, రెండు వేస్తేనే నయమని..."

"నేను చెబుతూనే ఉన్నా," అన్నాడు పెద్దాయన, ఆయనవైపు తిరిగి, తగువులో తన పక్షాన మాట్లాడే మనిషి దొరికినట్టు. "ఒకటో రెండో నీ ఇష్టం అని రాయడానికి డాక్టరేమైనా కూరల బేరం ఆడుతున్నాడా అని. వింటేనా?"

ఆయన బల్ల మీద కూలబడ్డాడు. జేబులోంచి కలం తీసి, ఆమె చేతిలోని కాగితం మోకాలి మీద పెట్టుకుని, 1/2 ని కొట్టేసి, పక్క ఖాళీలో పెద్ద అక్షరాలతో 'అర మాత్ర' అని రాశాడు. ఒక మాత్ర తీసుకుని, మధ్య గీత మీద రెండు బొటనవేళ్ళూ ఆనించి విరిచి, సగం ఆమెకిచ్చాడు. "ఇంతే. రోజుకి ఇంతే. మిగతా సగం రేపటికి."

ఆమె ఆ సగం వంకా, ఇంకో చేతిలో మిగిలిన మాత్ర వంకా చూసింది. లెక్క తనకే తెలిసినట్టుంది. "రెండు వేసుంటే?"

ఆయన ఆ మాట వినపడనట్టే, "ముందు నీళ్ళివ్వమ్మా ఆయనకి" అన్నాడు.

పెద్దాయన సగం మాత్ర మింగి, మూతి తుడుచుకుని, "మీరు డాక్టరా?" అని అడిగాడు.

"కాదండీ. టైపు కొడతాను."

"అదా," అన్నాడు పెద్దాయన, కొంచెం నిరాశగా. అంతలో బస్సు వచ్చింది. కూతురు సంచీ ఒక చేత్తో, తండ్రి రెక్క ఒక చేత్తో పట్టుకుని హడావుడిగా ఎక్కించింది. మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగి ఏదో అనబోయింది. వెనకవాళ్ళు తోశారు. బస్సు కదిలిపోయింది.

ఆయన తిరిగి వచ్చేసరికి హలో మేడం గది మధ్యలో నిలబడి ఉంది. ఆయన జరిగింది చెప్పాడు. "సార్, పైవాళ్ళకి చెప్తారా? నా ఉద్యోగం పోతుందా?"

"కూర్చోండమ్మా. ఎవరికీ చెప్పను. తప్పు నాది. అర ఎలా కొట్టాలో మీకు నేను నేర్పి ఉండాల్సింది. కనీసం అలా ఎందుకు కొట్టకూడదో చెప్పి ఉండాల్సింది." ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు. "నేనూ కొట్టానమ్మా, అలాగే. పంతొమ్మిదేళ్ళయింది."

ఆవిడ తన కుర్చీలో కూర్చుంది. హలో కూడా అనలేదు.

"అప్పుడే మిషన్లు తీసేసి ఇవి పెట్టారు. అర ఎక్కడుందో తెలీదు నాకు. ఎవర్నన్నా అడగొచ్చు. ఇన్నేళ్ళ టైపిస్టుని, అడగడానికి నామోషీ. ఒకటి, గీత, రెండు కొట్టి పంపించాను. బట్టలు కుట్టే ఆయన. యాభై దాటి ఉంటాయి. రక్తం గడ్డ కట్టకుండా వేసే మాత్ర, రోజుకి అర. ఆయన రెండేసి వేసుకున్నాడు. ఎనిమిదో రోజున తీసుకొచ్చారు. తలలో రక్తం కారింది. ఆ మర్నాడు పోయాడు."

"ఎవరూ చూడలేదా సార్, కాగితం?"

"ఫైల్లోనే ఉంది. ఎవరికీ దాన్ని చూడాలని తోచలేదు. జబ్బు ముదిరిందని రాశారు. ఆ రాసింది టైపు చెయ్యడానికి నా దగ్గరికే వచ్చింది. పాత కాగితం తీసి చూస్తే నా గీత కనపడింది." ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. "చనిపోయినట్టు కాగితం కూడా నేనే కొట్టాను. వాళ్ళావిడ బయట నిలబడి ఉంటే తీసుకెళ్ళి చేతికిచ్చాను. ఆవిడకి చదువు రాదు. 'ఇందులో ఏముందయ్యా, చదివి పెట్టు' అంది. మొత్తం చదివి వినిపించాను. ఒక్క ముక్క వదల్లేదు. ఉన్నదంతా చదివాను, లేనిది చెప్పలేదు."

పక్కగదిలో ఎక్స్‌రే మిషను గుర్రుమని ఆగింది. ఎవరో పిల్లాడు ఏడుస్తున్నాడు.

"తర్వాత?"

"తర్వాత రెండుసార్లు వాళ్ళ వీధి దాకా వెళ్ళాను. మొదటిసారి షాపు మూసి ఉంది. రెండోసారి మిషను మీద ఇంకెవరో కూర్చుని కుడుతున్నారు. లోపలికి వెళ్ళి ఏమని అడగను? వచ్చేశాను." ఆయన తన బల్ల వంక చూశాడు. "అరలన్నీ నేనే కొడితే ఇంక ఎవరూ తప్పు చెయ్యరు కదా అనుకున్నాను. అంతే నాకు తట్టింది. మళ్ళీ నాలుగో అంతస్తుకి వెళ్ళొచ్చేలోపు ఇదీ జరిగింది."

హలో మేడం లేచి, మూలనున్న కూజాలోంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన తాగేదాకా అక్కడే నిలబడి, ఖాళీ గ్లాసు తీసుకుంటూ, "మీరు ఇంకా ముందే ఎవరికైనా చెప్పుకోవాల్సింది సార్" అంది.

"ఎవరికి చెప్పను? చెబితే ఆవిడకే చెప్పాలి."

కాసేపటికి ఆవిడ తన కుర్చీ ఈడ్చుకొచ్చి ఆయన పక్కన వేసుకుంది. "హలో. నేర్పండి."

మధ్యాహ్నమంతా ఇద్దరూ అదే పనిలో ఉన్నారు. అంకెల వరస లేని కీబోర్డుకి ఆల్ట్ నంబర్లు పనికిరావు కాబట్టి, ఆయన తన కంప్యూటరులో ఒక కొత్త ఫైలు తెరిచి, గుర్తులన్నీ ఒక్కోటి కొట్టి, ఒక్కోదాని ఎదురుగా దాని పేరు తెలుగులో రాశాడు. అర. పావు. ముప్పావు. డిగ్రీ. ఎక్కువ తక్కువల గుర్తు. దాన్ని ఆవిడ కంప్యూటరులోకి పంపి, కావాల్సినదాన్ని పట్టుకుని గడిలో ఎలా దించాలో చూపించాడు. ఆవిడ రెండుసార్లు ముప్పావుని పట్టుకుని అర గడిలో దించింది. "అది నేనమ్మా, నన్ను అక్కడ పెట్టకండి" అన్నాడు ఆయన. ఆ రోజంతటికీ ఆవిడ అప్పుడే నవ్వింది. మూడోసారి నుంచి తప్పు రాలేదు. ఆఖర్న ఆవిడే ఒక మాటంది: "గడిలో ½ పెట్టినా, పక్కన చేత్తో 'అర' అని కూడా రాసి పంపిద్దాం సార్. కలం ఉందిగా." ఇన్నేళ్ళలో తనకెందుకు తట్టలేదా అని ఆయన ఆవిడ ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు.

అయిదున్నరకి ఇల్లు చేరాడు. రెండు గదుల ఇంట్లో ఆయనా, అక్కయ్యా. ఆయనకి పదేళ్ళప్పుడు అమ్మ పోతే పెంచింది అక్కయ్యే. సంబంధాలు చూసిందీ ఆవిడే. కూర్చున్నంతసేపూ అన్నీ కుదిరినట్టే ఉండేవి, ఆయన లేచి నిలబడ్డాక అవతలివాళ్ళ మాట మారేది. నాలుగోసారి అక్కయ్యే, "మావాడు మీకు అందనంత ఎత్తులో ఉన్నాడు లెండి" అని లేచి వచ్చేసింది. ఆ మాట తలుచుకుని ఇద్దరూ ఇప్పటికీ నవ్వుకుంటారు.

"ఏంట్రా, బొత్తాం ఎక్కడ పారేసుకున్నావ్? చెమటేంటి అంతగా?" అంది అక్కయ్య, ఆయన చొక్కా విప్పుతుంటే.

"బస్టాపు దాకా వెళ్ళానక్కయ్యా."

"ఎవర్నన్నా ఎక్కించడానికా?"

"ఆఁ. ఓ పెద్దాయన్ని."

"మనకి తెలిసినవాళ్ళా?"

"తెలీదు." ఆయన గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకున్నాడు. ఆవిడ డబ్బాలోంచి ఇంకో బొత్తాం వెతికి, సూదిలో దారం ఎక్కించమని ఇచ్చింది. ఆయన దారం కొస తడిపి, సూదిని వెలుతురుకెత్తి పట్టుకున్నాడు. ఉన్నట్టుండి, "అక్కయ్యా, కుట్టుపని నేర్చుకోవడం కష్టమా?" అన్నాడు.

"ఇప్పుడెందుకురా నీకది?"

"ఊరికే అడిగాను."

ఆవిడ బొత్తాం కుట్టి, దారం పళ్ళతో తెంపింది. ఆ రోజు అలా గడిచింది. శుక్రవారం, శనివారం మామూలుగానే గడిచాయి. ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి, కిటికీ కింద చాప వేసుకుని పడుకున్నాడు. అక్కయ్య ఒకసారి వచ్చి చూసి, వారమంతా అలిసిపోయాడు, పడుకోనీ అనుకుని దుప్పటి కప్పి వెళ్ళింది. నాలుగింటికి టీ పెట్టి పిలిచింది. పలకలేదు. టీ మీద మూత పెట్టి ఇంకో అరగంట చూసింది. దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసినప్పుడు గానీ ఆవిడకి తెలియలేదు.

సోమవారం గది మూసి ఉంది. మంగళవారం హలో మేడం తాళం తీసింది. ట్రేలో ఇరవై రెండు కాగితాలున్నాయి. కిటికీ వెలుతురు ఆయన బల్ల మీదే బాగా పడుతుంది కాబట్టి, కాసేపు తటపటాయించి, ఆయన కుర్చీలోనే కూర్చుంది. మొదటి కాగితంలోనే అర ఉంది. గుర్తుల ఫైలు తెరిచి, అరని పట్టుకుని గడిలో దించి, రెండుసార్లు చూసి, అచ్చు తీసి, పక్కన కలంతో 'అర' అని రాసింది. రాసి, కాళ్ళు ముందుకి చాపుకోబోతే బల్ల కింద వేళ్ళకి ఏదో తగిలింది. వంగి చూసింది.

మందుల పెట్టె చెక్కతో చేసిన చిన్న పీట. నాలుగు మూలలా మేకులు, జారకుండా అడుగున సైకిలు ట్యూబు ముక్కలు. పైన, రోజంతా రెండు మడమలు ఆనిన చోట చెక్క అరిగి రెండు గుంటలు పడ్డాయి. నున్నగా ఉన్నాయి, ఎడమది కుడిదానికంటే కాస్త లోతుగా.